కావడి వెళ్ళిన ఇల్లు

శ్రావణం వచ్చి వారమైంది. తెల్లవారుజామున పడ్డ వానకి పెరట్లో మట్టి ఇంకా మెత్తగానే ఉంది. సుగియా దేవి పొయ్యి ముందు కూర్చుని తడి కట్టెలను ఊదుతోంది. ఆమె భర్త జగేసర్ మండల్ వసారాలో మంచం మీద కూర్చుని కుడి మోకాలికి ఆవనూనె రాసుకుంటున్నాడు. ఇంటిని ఆనుకుని ఉన్న తన పిండిమర అతను ఇంకా తెరవలేదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు అంజోర బావి దగ్గర గొంతుక్కూర్చుని రెండు ఇత్తడి చెంబులు తోముతోంది.

ఆ చెంబులు జగేసర్‌వి. పెళ్ళి కాకముందు నుంచీ ప్రతి శ్రావణంలో అతను సుల్తాన్‌గంజ్ వెళ్ళి, గంగలో మునిగి, ఆ చెంబుల నిండా నీళ్ళు పట్టి, కావడి భుజాన వేసుకుని దేవఘర్ దాకా నడిచేవాడు. అక్కడి శివలింగం, బైద్యనాథ్ బాబా మీద ఆ నీళ్ళు పోసి వచ్చేవాడు. ఈ ఏడు మోకాలు మొండికేసింది. నడక మాట తలపెట్టవద్దని బాంకాలో డాక్టరు గట్టిగా చెప్పాడు. వైద్యుల దేవుడి దగ్గరికి నడిచి నడిచి మోకాలు పోగొట్టుకున్నవాడు లోకంలో నువ్వొక్కడివే మండల్ అని, ఆ మధ్య గోధుమలు పట్టించుకోవడానికి వచ్చిన పొరుగావిడ నవ్వింది. జగేసర్ నవ్వలేదు.

అతను భార్య వైపు తిరిగాడు.

"ఆ చెంబులు ఎందుకు తీసిందో అడుగు."

కూతురు పది అడుగుల దూరంలోనే ఉంది. అయినా ఆ ఇంట్లో ఆర్నెల్లుగా మాటలు అలాగే నడుస్తున్నాయి. హోలీకి ముందు అంజోర ఒక చేతిసంచీతో ముంగేర్ నుంచి వచ్చేసింది. ఆమె భర్త సూరత్‌లో పనికి వెళ్ళి అక్కడే వేరే ఆమెతో ఇల్లు పెట్టాడు. మగవాళ్ళన్నాక ఏదో ఒకటి ఉంటుంది, ముసలితనానికి వాడే వస్తాడు అని అత్తవారు చెప్పారు. ఆ మాట నమ్మి నాలుగేళ్ళు వాళ్ళకి వండిపెట్టింది. వచ్చిన రోజు ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఇక అక్కడికి వెళ్ళను అని ఒక్క మాట చెప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది.

జగేసర్‌కి ఊరివాళ్ళ మాటల కంటే పెద్ద బాధ ఒకటుంది. కూతురి పెళ్ళయిన ఏడాది అతను దేవఘర్‌లో బాబా గుడి శిఖరం నుంచి ఎదురుగా ఉన్న పార్వతీమాయి గుడి శిఖరానికి కొంగుముడిగా ఎర్రగుడ్డ కట్టించాడు. ఆ పిల్ల కాపురం కూడా ఆ ముడిలా నిలవాలని మొక్కుకున్నాడు. బాబా సాక్షిగా తను వేయించిన ముడిని కూతురే విప్పుకుని వచ్చిందని అతని కోపం. పోయిన నెల ఆమె బావగారు ముంగేర్ నుంచి వస్తే, రాఖీ పండుగ వెళ్ళగానే నేనే తెచ్చి దిగబెడతానని మాట కూడా ఇచ్చాడు. ఆ మాట ఇచ్చేటప్పుడు అంజోర తలుపు వెనకే ఉంది.

అంజోర చెంబులు బోర్లించి లేచింది. తల్లిని చూడకుండా సూటిగా తండ్రితోనే చెప్పింది.

"మీ బదులు నేను వెళ్తున్నాను బాబూజీ. ఇన్నేళ్ళ నడక ఆగకూడదు."

జగేసర్ మంచం మీద నుంచి కదలలేదు.

"మొగుడి ఇల్లు దాటి వచ్చినదాని కావడి బాబా ముట్టడని చెప్పు దానికి."

"ముట్టకపోతే తిరిగి తెచ్చుకుంటాను. నేను మోసిన నీళ్ళేగా" అంది అంజోర.

తల్లి పొయ్యి వైపు తిరిగింది. పక్క ఊరి ఆడవాళ్ళు నలుగురు ఆ రోజే బయల్దేరుతున్నారు. అంజోర కాషాయం చీర, కాషాయం జాకెట్టు సంచీలో పెట్టుకుని వాళ్ళతో బస్సు ఎక్కింది. బస్సు వెళ్ళిపోయాక కూడా జగేసర్ పిండిమర తలుపు దగ్గరే నిలబడ్డాడు. పప్పు మర పట్టించుకోవడానికి వచ్చిన మనిషి రెండుసార్లు పిలిచాక గానీ లోపలికి రాలేదు.

ఆ రోజు నుంచి సుగియా పోపు పెట్టడం మానేసింది.

అది ఆ పక్క ఊళ్ళన్నిటిలో ఉన్న ఆచారమే. ఇంటి నుంచి కావడి వెళ్ళిందంటే అది బాబాను చేరేదాకా ఆ ఇంట్లో మూకుడులో నూనె చిటపటలాడకూడదు. ఇక్కడ పోపు వేగితే అక్కడ నడిచేవాళ్ళ పాదాలు బొబ్బలెక్కుతాయి. గట్టిగా మాట అనకూడదు, తిట్టకూడదు. నడిచేది ఒకరైనా నియమం ఇంటిల్లిపాదిదీ. జగేసర్ నడిచిన ఏళ్ళన్నీ సుగియా ఇలాగే ఉడికిన పప్పు, ఉప్పు, పచ్చిమిరపకాయతో గడిపింది.

మొదటి రోజు జగేసర్ వేయించిన శనగల పిండి, సత్తు, నీళ్ళలో కలుపుకుని తాగి పడుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం అన్నానికి కూర్చుని కంచం వైపు చూశాడు. అన్నం మీద పసుపు నీళ్ళలాంటి పప్పు, పక్కన బంగాళాదుంప ముద్ద.

"పోపేదీ?"

"మన ఇంటి నుంచి కావడి వెళ్ళింది కదా" అంది సుగియా నెమ్మదిగా.

"నేను పంపలేదు."

"మీరు పంపకపోయినా వెళ్ళింది."

"నేను పంపని కావడికి నా ఇంట్లో నియమమేమిటి? మూకుడు పెట్టు."

సుగియా మూకుడు పొయ్యి మీద పెట్టింది. ఆవనూనె పోసింది. డబ్బాలోంచి పోపు గింజలు గుప్పిట్లోకి తీసుకుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ఆయన మాటకి ఎదురు చెప్పింది తక్కువ. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు, పెంచకూడదు గనక. నూనె వైపే చూస్తూ చెప్పింది.

"వేస్తాను. మీరు వెయ్యమంటే వేస్తాను. ఒక్కటి విని చెప్పండి. అంజోరకి అప్పుడు ఆరేళ్ళు. మీరు నడకలో ఉన్నారు. దానికి జ్వరం. నాలుగు రోజులు ఏమీ తినలేదు. అయిదో రోజు లేచి కూర్చుని, వేయించిన కూర కావాలని ఏడ్చింది. నా మనసు ఆగలేదు. ఇదే మూకుడు పెట్టాను. అది గోడ పట్టుకుని ఇక్కడి దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వద్దు మాయీ, బాబూజీకి బొబ్బలొస్తాయి అంది. ఉడకేసిన పప్పు తిని పడుకుంది."

జగేసర్ కంచం మీద నుంచి చెయ్యి తీశాడు.

"నాకెప్పుడూ చెప్పలేదు."

"మీరు వచ్చాక పాదాలు చూసుకుని, ఈసారి ఒక్క బొబ్బ లేదు, బాబా దయ అన్నారు. బాబా దయే కదా అని ఊరుకున్నాను."

నూనె సన్నగా పొగ వదలడం మొదలుపెట్టింది. సుగియా గుప్పిలి మూకుడు మీదికి తెచ్చి అక్కడే ఆపింది.

"దారిలో ఎవరో ఆడమనిషి కావడితో ఎదురైతే మాతా బం అని దండం పెట్టి దారి ఇస్తారు మీరు. ఆమె ఎవరి భార్య, ఎక్కడి నుంచి వచ్చేసింది అని అడిగారా ఎప్పుడైనా?"

"అది దారి. ఇది ఇల్లు."

"బాబా దారిలోనే ఉంటాడా? ఇంట్లోకి రాడా?"

పొగ చిక్కబడింది. ఆర్నెల్ల క్రితం దాకా అతను భార్యను కూతురి పేరుతో, అంజోర మాయీ అనే పిలిచేవాడు. కూతురు తిరిగి వచ్చిన రోజు నుంచి ఆ పిలుపు మానేశాడు.

"దించెయ్" అన్నాడు చివరికి. మళ్ళీ, "దించెయ్, అంజోర మాయీ" అన్నాడు.

సుగియా మూకుడు దించింది. గింజలు మళ్ళీ డబ్బాలో పోస్తుంటే కొన్ని కింద పడ్డాయి. జగేసర్ పప్పు కలుపుకుని తల ఎత్తకుండా తిన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ కాస్త అన్నం వడ్డించింది.

ఆ సాయంత్రం కరెంటు లేదు. పిండిమర ఆగిపోయి ఉంది. జగేసర్ గోధుమ బస్తా మీద కూర్చుని బయటికి చూస్తున్నాడు. అంజోర చిన్నప్పుడు, తను దేవఘర్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఒకే కథ చెప్పమనేది. రావణాసురుడు బాబాను లంకకు మోసుకుపోతూ ఉంటాడు. మధ్యలో ఎక్కడా దించకూడదని షరతు. దేవఘర్ దగ్గర దించవలసి వస్తుంది. మళ్ళీ ఎత్తబోతే బాబా కదలడు. అంత బలవంతుడు కుదిపి కుదిపి అలసిపోయి, బొటనవేలితో ఒక నొక్కు నొక్కి, లంకకు వెళ్ళిపోతాడు. కథ అయిపోయాక ఆ పిల్ల ప్రతిసారీ అడిగేది, బాబా ఎందుకు కదల్లేదని. జగేసర్ ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేవాడు. ఆయనకి వెళ్ళాలని లేదు తల్లీ, ఇష్టం లేనివాణ్ణి ఎవరు ఎత్తుకుపోగలరు అని.

తన మాట తనకే కొత్తగా వినిపించింది. ఎన్నేళ్ళు నడిచి, ఎన్ని చెంబుల నీళ్ళు పోశాడు ఆ రాయి మీద. ఇష్టం లేని చోటికి పోనని కూర్చున్న దేవుడికి మొక్కి వచ్చి, ఇష్టం లేని చోటికి కూతుర్ని దిగబెడతానని మాట ఇచ్చాడు.

కరెంటు వచ్చి మర దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. జగేసర్ లేచి దాన్ని ఆపేశాడు.

మర్నాడు పొద్దున్నే అతను బావి దగ్గర తలారా స్నానం చేశాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. ఎక్కడికని సుగియా అడగలేదు. చేతికర్ర తెచ్చి ఇచ్చింది.

కావళ్ళ దారి ఊరికి ఒక పొలం అవతల. ఇసుక పోసిన ఆ దారి నిండా కాషాయమే. బోల్ బం, బోల్ బం అని ఒక గుంపు అంటే వెనక గుంపు అందుకుంటోంది. ఆ దారిలో కావడి మోసేవాళ్ళందరికీ బం అన్నదొక్కటే పేరు. గజ్జెలు, తడిసిన అడుగులు, వాన తుంపర. జగేసర్ దారి పక్కన కర్ర ఊని నిలబడ్డాడు. కూతుర్ని పోల్చుకుందామని వచ్చాడు గానీ అందరివీ ఒకే బట్టలు, అందరి మొహాల మీదా ఒకే అలసట. ఎవరిని చూసినా ఆమే అనిపిస్తోంది. అందుకని వచ్చిన ప్రతి ఆడమనిషికీ బోల్ బం మాతా బం అంటూ తల వంచాడు. వాళ్ళు బోల్ బం బాబా అంటూ వెళ్ళారు. కాసేపటికి వెతకడం మరిచిపోయి, ఊరికే ప్రతివాళ్ళకీ తల వంచుతూ నిలబడ్డాడు.

"బాబూజీ."

అంజోర ఎదురుగా నిలబడి ఉంది. పెదవులు ఎండిపోయాయి. కావడి కర్ర కింద భుజం దగ్గర గుడ్డ ఒత్తుకుపోయింది. ఆమె చుట్టూ చూస్తోంది. కావళ్ళు ఆనించే వెదురు గుంజలన్నీ నిండి ఉన్నాయి. కావడి నేల తగలకూడదు, భుజాన ఉండగా నీళ్ళు తాగకూడదు.

"ఇటివ్వు" అన్నాడు జగేసర్.

ఆమె వెంటనే ఇవ్వలేదు. "మీరు నియమంలో ఉన్నారా?"

"ఉన్నాను. మీ మాయి ఉంచింది."

ఆమె వెనకే వస్తున్న ఒక ముసలి బం ఆగి, ఆయన స్నానం చేసి వచ్చారులే తల్లీ, జుట్టు ఇంకా ఆరలేదు, ఇవ్వు అన్నాడు. అంజోర వంగి కావడిని తండ్రి భుజానికి మార్చింది. దారి పక్క రాయి మీద కూర్చుని అక్కడ నీళ్ళిచ్చేవాళ్ళ చేత దోసిట్లో పోయించుకుని తాగింది. చాలాసేపు తాగింది.

జగేసర్ కదలకుండా నిలబడ్డాడు. ఆ బరువు అతనికి కొత్త కాదు. కానీ ఇవి తను నింపిన నీళ్ళు కావు.

"బాబాను ఏమడుగుతావు?"

అంజోర మొహం తుడుచుకుంది.

"ఏమీ అడగను బాబూజీ. బయల్దేరినప్పటి నుంచి నన్నెవరూ ఎవరి కోడలివి, ఎందుకొచ్చేశావు అని అడగలేదు. నీళ్ళిచ్చినవాళ్ళూ బం అన్నారు, తోసినవాళ్ళూ బం అన్నారు. అంతకంటే అడిగేదేముంది?"

జగేసర్ కావడిని భుజం మీద సర్దుకున్నాడు.

"రాఖీ అయ్యాక ముంగేర్ నేనొక్కణ్ణే వెళ్తాను. మాట ఇచ్చింది నేను, వెనక్కి తీసుకోవలసిందీ నేనే. నువ్వు రానక్కర్లేదు. ఇంట్లోనే ఉండు."

ఆమె లేచి నిలబడింది. తండ్రి మొహం వైపు చూస్తూ ఉండిపోయింది. అతని కళ్ళు నిండి చెంపల మీదికి కారుతున్నాయి. ఒక చెయ్యి కావడి మీద, ఒక చెయ్యి కర్ర మీద. తుడుచుకునే వీలు లేదు. తల పక్కకి తిప్పబోతే చెంబులు ఊగాయి. దాంతో మళ్ళీ నిటారుగా నిలబడిపోయాడు.

"కదలకండి. నీళ్ళు తొణుకుతాయి" అంది అంజోర.

దగ్గరికి వచ్చి, కాషాయం కొంగుతో ముందు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను ఒత్తి తుడిచింది. వెనక నుంచి బోల్ బం కేక వచ్చింది. ఆమె కావడి కిందికి భుజం ఆనించింది.