నాలుగో గంట

మా డయాలసిస్ సెంటర్లో పేరు కన్నా ముందు గంటలు అడుగుతారు. డేవిడ్ రాజు మాస్టారు మూడున్నర, ఎందుకంటే ఆయనకి ఇంకా కాస్త మూత్రం వస్తుంది. లారీ నడిపే కిషోర్ బాబు నాలుగున్నర. మనిషి భారీ, పైగా నీళ్లు చూస్తే ఆగలేడు. నేను నాలుగు. పేరు ఫణి, ఇరవై తొమ్మిదేళ్లు, నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే ప్రభాకరరావు గారి అబ్బాయిని. ఒంట్లో పొటాషియం పెరుగుతుందని డాక్టర్లు నన్ను మామిడిపండు తినొద్దన్నారు. దేవుడికి నామీద ఏం కోపమో తెలియదు.

జెరూషా మూడు.

మొదటిరోజే వచ్చి నా బెడ్ ఎక్కి కూర్చుంది. కిటికీ పక్క బెడ్ అది. సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి రెండేళ్లుగా నేను పడుకునేది అక్కడే. ఆ మాటే చెప్పాను, కాస్త విసురుగా.

“బెడ్ మీద మీ పేరుందాండీ?” అంది.

“లేదు. కానీ ఇక్కడ అందరికీ తెలుసు.”

“నాకు తెలీదుగా. నేనివాళే వచ్చా.”

అంటూనే టెక్నీషియన్ సలోమోను వైపు చెయ్యి చాపింది. సూది గుచ్చాక ఇక ఎవరినీ కదపరు. నేను పక్క బెడ్ మీద మొహం మాడ్చుకుని పడుకున్నాను. నాలుగున్నర కాగానే ఆమె ఏదో కాగితం మీద సంతకం పెట్టి లేచింది. నాకింకా గంట ఉంది. వెళ్తూ వెళ్తూ, “ఇప్పుడు తీసుకోండి మీ బెడ్,” అని నవ్వింది. రెండు గొట్టాలతో మెషిన్‌కి కట్టేసినట్టు ఉన్న నన్ను చూసి కూడా ఆ మాట అనగలిగిందంటే గడుసు పిల్లే అనుకున్నాను.

ఆగిరిపల్లి దాటాక తోటల్లోపల మూడు కిలోమీటర్ల దూరంలో వాళ్ల ఊరు. తండ్రి లేడు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఇవన్నీ ఒక్కరోజు తెలిసినవి కావు. వారానికి మూడుసార్లు, మూడేసి గంటలు పక్కపక్కన పడుకుంటే తెలిశాయి. నా చొక్కా కాలరు వంకరగా ఉందని ఆమె ఎగతాళి చేసేది. మా కొట్టు కాటా మీద ఆమెకి నమ్మకం లేదట. నేను వచ్చేటప్పుడల్లా కొట్టునుంచి ఒక చిన్నరసం మామిడిపండు తెచ్చేవాణ్ని. ఇద్దరం తినకూడదు కాబట్టి చెరోసారి వాసన చూసి సలోమోనుకి ఇచ్చేసేవాళ్లం. కళ్లు మూసుకుని వాసన చూసి, అది గడ్డిలో మాగిన పండో, మందు కొట్టిన పండో చెప్పేసేది. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన నేనే రెండుసార్లు ఓడిపోయాను.

జబ్బు కొత్తలో స్నేహితులు వచ్చి పక్కన కూర్చునేవారు. తర్వాత ఫోన్లు చేశారు. ఇప్పుడు పండగలకి వాట్సాప్‌లో ఒక బొమ్మ వస్తుంది. ఇంట్లో మా చెల్లి వైష్ణవి సంబంధాల గురించి మాట్లాడుకుంటూ, నేను గదిలోకి రాగానే వర్షాల గురించి మొదలుపెడతారు. ఎవరి మీదా కోపం లేదు. అందరూ నా దగ్గర అంత జాగ్రత్తగా ఉండటమే నాకు ఏడుపు తెప్పిస్తుంది. జెరూషా ఒక్కతే జాగ్రత్తగా ఉండేది కాదు. అందుకే ఆమె లేచి వెళ్లాక మిగిలే నాలుగో గంట నాకు తెల్లారని రాత్రిలా ఉండేది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేవాణ్ని. మూడే ఉండేవి.

పోనుపోను ఆమె మూడు గంటల మీద నాకు అసూయ మొదలైంది. ఆమె కిడ్నీలు బాగుపడుతున్నాయేమో, రేపోమాపో రావడం మానేస్తుందేమో అని భయం కూడా. నెలకోసారి వచ్చే డాక్టర్ కామేశ్వరి గారిని నాకూ మూడు రాయమని అడిగేశాను. ఇద్దరం ఒకేసారి లేచి వెళ్లొచ్చని నా తెలివి.

ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూశారు.

“ఎవరి ఒంటిని బట్టి వాళ్లకి టైము రాస్తాను. ఆ అమ్మాయికీ నాలుగే రాశాను. వినకుండా, ఏమైనా తనదే బాధ్యతని సంతకం పెట్టి వెళ్లిపోతోంది. ఒంట్లో నీరు పూర్తిగా తీయకపోతే ఏదో ఒకరోజు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. నీకూ అదే కావాలా?”

బుధవారం ఆమె రాగానే అడిగేశాను, అదీ అందరి ముందు. జెరూషా మొహం ఎర్రబడింది.

“మీ ఇల్లు ఇక్కడికి పది నిమిషాలండీ. మా ఊళ్లోకి వచ్చే ఆఖరి బస్సు ఐదింటికి. అది పోతే రోడ్డు మీద దిగి తోటల్లో మూడు కిలోమీటర్లు నడవాలి. డయాలసిస్ అయ్యాక నడవగలరా మీరు?”

“ఆటో?”

“ఈ సీజన్లో ఆటోల్లో మనుషులకి చోటెక్కడ? అన్నిటా కాయల ట్రేలే. మీ కాయలే.”

ఆరోజు చిన్నరసం వాసన కూడా చూడలేదు. నేను బండి మీద దింపుతానని అనడానికీ లేదు. డయాలసిస్ అయ్యాక నన్నే మా నాన్న స్కూటర్ మీద పడిపోకుండా పట్టుకుని తీసుకెళ్తారు.

శుక్రవారం గాలివాన. తోటల్లో కాయ రాలిపోతోందని నాన్న ఫోన్లో ఎవరితోనో కేకలేస్తున్నారు. సెంటర్లో జెరూషా పడుకునే కిటికీ పక్క బెడ్ ఖాళీగా ఉంది. నన్ను అందులో పడుకోమన్నాడు సలోమోను, నేను వద్దన్నాను. కాసేపటికి అతనే మెల్లగా చెప్పాడు, ముందురోజు జెరూషాకి ఆయాసం వచ్చి విజయవాడ తీసుకెళ్లారని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని. ఆ నాలుగు గంటలూ గోడవైపు తిరిగి పడుకున్నాను. నాకు ఆమె అంటే ఇష్టమని నాకే తెలిసింది అప్పుడు. చెప్పుకోవడానికి ఒక్కరు లేరు.

ఆ వారంలోనే డేవిడ్ రాజు మాస్టారు నిద్రలో పోయారు. ఆయనది పొద్దున బ్యాచ్, ఎనిమిది నుంచి. ఆ బ్యాచ్ కోసం ఏడాది కిందట పేరు రాయించుకుని వరసలో ముందున్నది నేనే. పొద్దున్నే పని అయిపోతే, కాస్త కోలుకుని సాయంత్రం కొట్లో కూర్చోవచ్చు, నలుగురితో మాట్లాడొచ్చు, మామూలు మనిషిలా ఉండొచ్చు.

వాళ్ల ఊరినుంచి మొదటి బస్సు ఆరున్నరకి ఉంది. అది నేను కనుక్కున్నాను.

“ఆ చోటు జెరూషాకి ఇచ్చెయ్, సలోమోనూ. నాదని మాత్రం చెప్పకు.”

“మరి నువ్వు?”

“నేను మధ్యాహ్నమే.”

అతను నావైపు చూసి, వరసలో నా పేరు కొట్టేశాడు.

జెరూషా తిరిగొచ్చింది, పొద్దున బ్యాచ్‌కి. పన్నెండింటికి పూర్తి నాలుగు గంటలూ అయ్యాక వెళ్లిపోతోందని సలోమోను చెప్పేవాడు. నేను వెళ్లేసరికి కిటికీ పక్క బెడ్‌కి కొత్త దుప్పటి వేసి ఉండేది. ఇప్పుడది నాదే. నాలుగో గంట ఒక్కటే కాదు, నాలుగు గంటలూ నాలుగో గంటలాగే ఉండేవి. చిన్నరసం తేవడం మానేశాను. మంచిపనే చేశానని తెలుసు, కానీ అలా చేసినందుకు సంతోషం మాత్రం రాలేదు.

మూడో వారం, శుక్రవారం. లోపలికి వెళ్లేసరికి నా బెడ్ పక్కన స్టూలు మీద జెరూషా కూర్చుని ఉంది. చేతికి పట్టీ, ఒళ్లో కొంగు చాటున ఏదో ఉంది. పాదాలకి ఎప్పుడూ ఉండే వాపు పోయింది. మనిషి తేటగా ఉంది.

“అందరి ముందు కడిగేశానని నా బ్యాచ్ మార్పించేసి నన్ను తప్పించుకున్నారనుకున్నా. మూడు వారాలు మిమ్మల్ని తిట్టుకున్నా,” అంది. “ఇవాళ సలోమోను చెప్పేశాడు. అతన్నేమీ అనకండి, నేనే పీక్కుతిన్నాను.”

బెడ్ ఎక్కి చెయ్యి చాపాను. సలోమోను సూదులు గుచ్చి, పనేదో ఉన్నట్టు అవతలికి పోయాడు.

“పన్నెండింటికే అయిపోయిందిగా. ఇంకా వెళ్లలేదేం?”

“నాకు మూడింటికి బస్సుంది. రెండున్నర దాకా ఉంటా.” గోడ గడియారం వైపు చూసింది. “రోజూ నేను ఎగ్గొట్టిన గంట ఉంది చూడండి, అది ఇక్కడ కూర్చుంటా.”

నాకు కళ్లు మసకబారాయి. మెషిన్ వల్ల బీపీ పడిపోయిందేమో అన్నాను. ఆమె నమ్మలేదు.

“ఫణి గారూ, మీ ఇంట్లో ఒప్పుకోరు. మా చర్చిలో ఒప్పుకోరు. అసలు మన కిడ్నీలే మన మాట వినలేదు. అడగాల్సింది ఏదైనా ఉంటే ఇప్పుడే అడగండి. బస్సు ఆగదు.”

ఎన్నో అడగాలనుంది. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

“సోమవారం కూడా ఉంటారా?”

“సోమ, బుధ, శుక్ర. డాక్టర్ గారు మనకి రాసినన్నాళ్లూ.”

కొంగు చాటునుంచి చిన్నరసం తీసింది. వాళ్ల ఊరి తోటదట. ముందు నాకే ఇచ్చింది. కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూశాను. గడ్డిలో మాగిందే.

రెండున్నరకి లేచి వెళ్లిపోయింది. మిగతా మూడు గంటలూ ఎప్పటిలాగే ఒక్కణ్నే ఉన్నాను. ఫ్యాను రెక్కలు మాత్రం లెక్కపెట్టలేదు.