స్వయంసర్దు తెర

కుళాయి గుర్తు మళ్ళీ చోటు మారింది.

నాంచారయ్య నోట్లో పళ్ళపొడి వేసుకుని వంటింటి గోడ మీది తెర ముందు నిలబడ్డాడు. నిన్న కుడివైపు కింద ఉన్న కుళాయి ఇవాళ అక్కడ లేదు. అక్కడ దీపం బొమ్మ ఉంది. అలవాటు కొద్దీ వేలు వెళ్ళి దాన్నే నొక్కింది. దీపం వెలిగింది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది.

తెరతో మాట్లాడితే వింటుందని అంటారు. నోటినిండా పళ్ళపొడి పెట్టుకున్నవాడు ఏం మాట్లాడతాడు? కళ్ళజోడు తెచ్చుకుని ఒక్కో బొమ్మా వెతికాడు. 'ఇల్లు' నొక్కితే 'వంటిల్లు' వచ్చింది. అది నొక్కితే 'ద్రవాలు' అని వచ్చింది. అందులో నూనె, పాలు, వాటి కింద నీళ్ళు. కుళాయి దొరికేసరికి నాలుగు నిమిషాలైంది. నురగ కారి చొక్కా తడిసింది.

తెర మీద ఓ మాట వచ్చింది. "మీ సౌలభ్యం కోసం మార్చాం. ఎలా ఉంది?" కింద ఐదు నక్షత్రాలు.

నాంచారయ్య ఐదూ నొక్కాడు. బాగుందని కాదు. నాలుగు నొక్కితే ఎందుకు నాలుగో చెప్పమని ఇరవై ప్రశ్నలు అడుగుతుంది. ఐదు నొక్కితే నోరు మూసుకుంటుంది.

అది రెండువేల తొంభైనాలుగో సంవత్సరం. కోస్తా అంతటా ఇళ్ళనీ పడవలనీ పంపులనీ నడిపేది సుగమ అనే నిర్వాహక వ్యవస్థ. నలభయ్యో సుగమ దాకా బొమ్మలు ఏడాదికోసారి చోటు మారేవి. జనం ఓ నెల తిట్టుకుని అలవాటు పడేవాళ్ళు. నలభై ఒకటో సుగమతో స్వయంసర్దు తెర వచ్చింది. దీనికి స్థిరమైన మీటలు లేవు. తెర పైన నడిమధ్య గోళీకాయంత కెమెరా కన్ను ఉంటుంది. ఎదురుగా నిలబడ్డది ఎవరో అది పోల్చుకుంటుంది. ఆ మనిషి ఏ వేళకు ఏది నొక్కాడో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. దాన్నిబట్టి ఇప్పుడేం కావాలో లెక్కగట్టి ముందుకు తెస్తుంది. వాడనిది అటకెక్కుతుంది. కాగితం మీద చాలా గొప్ప ఊహ. తయారుచేసినవాళ్ళకు బహుమతులు కూడా వచ్చాయి.

నాంచారయ్య ఉప్పు తలుపుల లష్కరు. సముద్రం ఊళ్ళ మీదికి జరిగిన దగ్గర్నుంచి దివిసీమ మురుగుకాలవలు కడలిలో కలిసే ప్రతిచోటా ఇనపతలుపులు కట్టారు. ఆయన కాపలా ఉండేచోట పది తలుపులు. పోటు వేళ మూసుకుంటాయి, పాటు వేళ తెరుచుకుంటాయి. రోజువారీ పని యంత్రమే చేసుకుంటుంది. ఒక్క పని మాత్రం మనిషి చెయ్యాలి. తుఫాను తోసుకొచ్చినప్పుడు పది తలుపులూ ఒక్కసారి దించడం. దాన్ని ఉప్పెనమూత అంటారు. ఎప్పుడో ఒకసారి యంత్రం తనంతట తాను దించితే తలుపు కింద పడవ నలిగిపోయింది. అప్పట్నుంచి లష్కరు కళ్ళారా చూసి, చేత్తో నొక్కితే తప్ప దించకూడదని చట్టం పెట్టారు.

ఉప్పెనమూత మూడేళ్ళకోసారి పడుతుంది. అంటే మూడేళ్ళుగా ఆయన ఆ మీట నొక్కలేదు. వాడని మీట ఏ అటకెక్కిందోనని నాంచారయ్యకు మనసులో ముల్లులా ఉండేది. పదకొండు ఫిర్యాదులు పెట్టాడు. పదకొండుసార్లూ ఒకే జవాబు. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది." పన్నెండోది పెడదామంటే ఫిర్యాదు బొమ్మ ఎక్కడికి పోయిందో కనపడలేదు.

ఆ రోజు ఆయుధపూజ. ఏటా ఆ పూట లష్కరు భార్య తలుపుల గదికి వచ్చి మరలకు పసుపు రాసి బొట్టు పెట్టడం ఆనవాయితీ. తెర వచ్చాక గోడకు కాగితం అంటించారు, తెర మీద పసుపు కుంకుమలు పూయరాదని. అంకమ్మకు చదువు రాదు. వచ్చినా లెక్కచేసే మనిషి కాదు.

"నువ్వు పో, నేను గుమ్మడికాయ కొనుక్కుని వస్తా" అని మొగుణ్ణి ముందు పంపింది.

తలుపుల గదిలో నాంచారయ్య అడుగుపెట్టేసరికి పదిన్నర. దూరాన ఎక్కడో తీరం దాటుతుందన్న వాయుగుండం ఇటు మళ్ళింది. పాటు వెయ్యాల్సిన వేళ నీళ్ళు ఎక్కుతున్నాయి. కిటికీలోంచి స్తంభం మీది కొలబద్ద చూశాడు. ఏడడుగులు. తొమ్మిది దాటితే ఉప్పునీళ్ళు కాలవలోకి ఎగదన్నుతాయి. నాలుగువేల ఎకరాల్లో వరి పొట్టమీద ఉంది. ఆవల ఐదూళ్ళు తాగే మంచినీళ్ళ చెరువు. ఉప్పు కలిస్తే మూడేళ్ళు ఆ నేలలో గడ్డి కూడా మొలవదు.

పడవలన్నీ లోపలికి వచ్చేశాయా అని రెండువైపులా తొంగిచూశాడు. వచ్చేశాయి. తెర ముందుకు వచ్చాడు.

"నమస్కారం నాంచారయ్య గారూ. మీరు టీ తాగే వేళయింది. పెట్టమంటారా?"

తెర నిండా టీ గ్లాసు బొమ్మ. పక్కన ఫ్యాను. ఆ పక్కన పాటలు. మూడేళ్ళుగా ఆ గదిలో ఆయన ఎక్కువగా నొక్కింది అవే.

"టీ వద్దు. తలుపులు దించు."

"ఈ గది తలుపు మూశాను. గాలి ఎక్కువగా ఉంది కదా!"

వెనకాల తలుపు ధడాలున పడింది.

"ఈ తలుపు కాదే! ఉప్పు తలుపులు! పదీ!"

"ఉప్పెనమూతకు నోటిమాట చెల్లదు. దయచేసి మీట నొక్కండి."

"ఏదీ మీట?"

"మీరు తరచుగా వాడనివి 'మరికొన్ని'లో ఉంటాయి."

'మరికొన్ని' ఎక్కడుందో కనపడలేదు. కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చూశాడు. మూల మీద మూడు చుక్కలు దొరికాయి. నొక్కాడు. 'తలుపులు' వచ్చింది. నొక్కాడు. 'తలుపుల రంగు', 'తలుపుల చరిత్ర', 'తలుపుల శబ్దం' వచ్చాయి.

"మీరు చిరాగ్గా ఉన్నట్టున్నారు. ఒక పాట వినిపించనా?"

"నీ పాట తగలెయ్య!"

సన్నాయి మొదలైంది.

కొలబద్ద మీద ఎనిమిది. నాంచారయ్య వెనక్కి వెళ్ళి మొదట్నుంచీ నొక్కుకుంటూ వచ్చాడు. అయితే ఈ రెండు నిమిషాల్లో ఆయన 'తలుపుల రంగు' పొరపాటున రెండుసార్లు నొక్కాడు. అదే కావాలేమోనని తెర దాన్ని ముందుకు తెచ్చి, మూడు చుక్కల్ని ఇంకో మూలకు నెట్టింది. వెతికిన కొద్దీ అది సర్దుతోంది. సర్దిన కొద్దీ దొరకడం లేదు.

అంకమ్మ భుజంతో తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో పళ్ళెం, చంకలో గుమ్మడికాయ.

"ఏందయ్యా, ఊరంతా నీళ్ళొస్తన్నాయని పరిగెత్తుతుంటే నువ్వు సన్నాయి పెట్టుకు కూచున్నావా?"

"నేను పెట్టలేదే! మీట దాచేసిందిది. వెతుకుతున్నా."

"నిన్న ఉన్నకాడ లేదా?"

"నిన్న ఉన్నకాడ ఉంటే ఈ ఏడుపెందుకు? పక్కకి జరుగు."

"నువ్వే జరుగు. బొట్టు పెట్టకుండా ముట్టుకుంటే ఇట్టాగే ఉంటది. పోయినేడు పెట్టనిచ్చావా? కాగితం, కాగితం అన్నావు."

"ఇప్పుడా నీ బొట్టు!"

ఆ మాట పూర్తయ్యేలోపే ఆమె ఉంగరపువేలు కుంకుమలో ముంచింది. మనిషికైనా మరలకైనా బొట్టు నుదుటి మధ్యే పెట్టాలి. తెరకు నుదురంటే పైన నడిమధ్యే కదా! గోళీకాయంత గుంట కూడా ఉంది, పెట్టమన్నట్టు. అంకమ్మ బొటనవేలుతో అదిమి మరీ దిద్దింది.

సన్నాయి ఆగిపోయింది. తెర ఓసారి తెల్లబోయింది.

"నమస్కారం. మీరెవరో పోల్చుకోలేకపోతున్నాను. కొత్తవారి కోసం మామూలు తెర చూపిస్తున్నాను."

తెర మీద నాలుగే నాలుగు మీటలు వచ్చాయి. ఒక్కోటీ అరచెయ్యంత. తెరువు. మూయి. ఆపు. ఉప్పెనమూత.

నాంచారయ్య రెండుచేతులా నొక్కాడు. కింద ఇనుము ఒళ్ళు విరుచుకున్నట్టు మోగింది. పది తలుపులూ దిగాయి. కొలబద్ద మీద నీళ్ళు తొమ్మిదికి నాలుగంగుళాలు తక్కువలో ఉన్నాయి. అవతల సముద్రం ఆ పూటంతా తలుపుల్ని గుద్దుతూనే ఉంది. ఇవతల కాలవ కదల్లేదు.

ఆయన నేల మీద కూలబడ్డాడు.

"ముసలాడివి ముప్పయ్యేళ్ళబట్టి చేస్తన్నావు. నిన్ను ఎరగనప్పుడే అది మాట విన్నది" అంది అంకమ్మ, గుమ్మడికాయ పగలగొడుతూ.

పక్షం రోజుల తర్వాత సుగమ వాళ్ళ తరఫున ఇందుప్రియ వచ్చింది. స్వయంసర్దు తెరకు ప్రధాన రూపశిల్పి. సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉంది. అంకమ్మ పీట వేసి కూచోబెట్టింది.

"నాంచారయ్య గారూ, నాకొకటి అర్థం కావట్లేదు. మీరు రోజూ ఐదు నక్షత్రాలు ఇచ్చారు. మా లెక్కల్లో ఈ జిల్లా మొత్తానికి సంతోషంగా ఉన్న మనిషి మీరే."

"నాలుగు ఇస్తే ఇరవై ప్రశ్నలమ్మా."

ఆమె నిద్రలేని కళ్ళు నులుముకుంది. "ఎన్నిలక్షలమంది ఇలా ఇచ్చారో!" అని గొణుక్కుంది.

"ఓ మాట అడుగుతాను, ఏమనుకోవద్దు" అన్నాడు నాంచారయ్య. ఆయన అంత పొడుగు మాట్లాడటం అంకమ్మకే వింత. "బాగున్నదాన్ని ఎందుకమ్మా కదుపుతారు?"

"నిజం చెప్పమంటారా? నాలుగువందలమందిమి ఉన్నాం అక్కడ. ఏడాదంతా ఏమీ మార్చకపోతే ఏం పనిచేశారని అడుగుతారు. అదొక్కటే కాదు బాబాయ్ గారూ. చూస్తూ కూర్చుంటే ఇది ఇలా ఉంటే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. చెయ్యి ఆగదు."

"మా ఆవిడ పోపులపెట్టె చూడండి" అన్నాడాయన. "ఆవాలు ఎక్కడున్నాయో చూసుకోదు. చెయ్యే పోతుంది. చెయ్యి పోయేచోట వస్తువు ఉండాలి. అంతే కావాల్సింది."

"ముప్పై ఏడేళ్ళు, ఒక్క గింజ అటూ ఇటూ కాలేదు" అంది అంకమ్మ గర్వంగా.

ఇందుప్రియ ఆ మాట రాసుకుంది. నెల తిరక్కుండానే కోస్తాలో ఉన్న నలభైయారు తలుపుల గదులకూ కొత్త తెర వచ్చింది. నాలుగు మీటలు, కదలవు. లష్కర్లు దాన్ని నాంచారయ్య తెర అన్నారు. మళ్ళీ ఎవరూ పాడుచెయ్యకుండా, దాన్ని దిద్దే హక్కు ఆయన ఒక్కడికే ఇచ్చారు. చిన్న కలం ఒకటి పంపారు. దానితో తెర మీద మీటను పట్టుకుని జరిపితే నలభైయారు చోట్లా జరుగుతుంది.

ఆయన ఆ కలాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. రెండు నెలలు ముట్టుకోలేదు.

మూడోనెల ఓ మధ్యాహ్నం తెర ముందు కూచుని ఉన్నాడు. పనేమీ లేదు. 'ఆపు' మీట 'మూయి'కి మరీ దగ్గరగా ఉన్నట్టు తోచింది. ఓ బెత్తెడు ఎడంగా ఉంటే వేలు పొరపాటు పడదు. అందరికీ మంచిది. కలం తీశాడు. జరిపాడు. చూసుకుంటే ముచ్చటగా ఉంది. అలాంటప్పుడు 'తెరువు' పైకి ఉంటే వరస కుదురుతుంది కదా! అదీ జరిపాడు.

మర్నాడు పొద్దున్నే గొల్లలమోద అవతలి లష్కరు పోలయ్య ఫోను చేశాడు. "ఏ వెధవ ముట్టుకున్నాడు బావా మన తెరని? ఆపబోయి తెరిచాను! చేపలవలలు నాలుగు కొట్టుకుపోయినై!"

"నేనే" అన్నాడు నాంచారయ్య. "మీ సౌలభ్యం కోసమే. రెండురోజులు చూడు, అలవాటైపోద్ది."

అవతల పోలయ్య విసురుగా ఫోను పెట్టేశాడు. ఇంత మంచి చేస్తే ఆ విసురేమిటని నాంచారయ్యకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇంటికి వచ్చాడు. అంకమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వంటింట్లో పోపులపెట్టె మూత తీసి ఉంది. ఆయన దానివైపు చూశాడు. ఆవాలు మధ్యగిన్నెలో ఉన్నాయి. ఎక్కువగా వాడేవి అంచున ఉంటే కదా చేతికి అందేది! మెంతులకు మధ్యగిన్నె ఎందుకు కాకూడదు?

కూచుని శ్రద్ధగా సర్దాడు.

అంకమ్మ వచ్చి పులుసుకు పోపు పెట్టింది. ఎప్పట్లాగే చూడలేదు. చెయ్యి వెళ్ళి మధ్యగిన్నెలోంచి చిటికెడు తీసి కాగిన నూనెలో వేసింది. చిటపటలు రాలేదు. చేదు వాసన వచ్చింది. పోపులపెట్టెలోకి చూసింది. గరిట అక్కడే పెట్టి మొగుడి వైపు తిరిగింది.

"ఎవరు ముట్టుకున్నారిది?"

"నీ సౌలభ్యం కోసమే..." అని మొదలుపెట్టాడు నాంచారయ్య.

అంకమ్మ దేవుడి గూట్లోంచి కుంకుమభరిణె తెచ్చింది. ఆయన చొక్కా జేబులోంచి కలం తీసి రొంటిన దోపుకుంది. ఉంగరపువేలు కుంకుమలో ముంచింది.

"ఏందే అది? ఇప్పుడేం పూజ?"

"కదలమాక" అంది. ఆయన కళ్ళజోడు రెండద్దాల మీదా ఒక్కో బొట్టు, బొటనవేలుతో అదిమి మరీ దిద్దింది. "ఇప్పుడు చెప్పు. నేనెవర్ని?"

నాంచారయ్యకు ఇల్లంతా ఎర్రగా కనపడింది. ఆ ఎరుపులో ఎదురుగా ఓ మనిషి ఉంది, పోల్చుకోలేకపోయాడు.

"ఎవరో కొత్తావిడలాగున్నావు" అన్నాడు మెల్లగా.

"ఆ. అట్టాగే ఉండు. కొత్తోళ్ళింట్లో ఎవరూ ఏమీ సర్దరు" అని, ఆవాల గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, మళ్ళీ నూనె కాచింది.