జాబితాలో రెండో పేరు

పొయ్యి మీద పాలు కాగేలోపు ఒక్కసారి చూసి వద్దామని ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. కర్టెన్లు కుట్టించుకునేవాళ్ళు తమ కిటికీల కొలతలు, నచ్చిన రంగులు ఆమె పేజీకే రాసి పంపుతారు. కొత్తగా వచ్చిన ఉత్తరం మీద నొక్కింది. తెర ఒక్క క్షణం ఖాళీ అయింది. తర్వాత తెరుచుకున్నది ఉత్తరం కాదు. "మీరు గెలిచారు" అని ఎర్రటి అక్షరాలు, వాటి కింద గిరగిరా తిరిగే రంగుల చక్రం.

"మళ్ళీ వచ్చి కూర్చుంది," అంది తనలో తనే.

పక్కనున్న నోటుపుస్తకం తెరిచి తేదీ, టైము, ఏది నొక్కితే ఎక్కడికి పోయిందో రాసింది. పదకొండు రోజులుగా రాస్తోంది. బట్ట కత్తిరించే ముందు రెండుసార్లు కొలిచే మనిషి. దేన్నయినా ఊహమీద వదిలేయడం ఆమెకి చేతకాదు.

భుజం మీద తువ్వాలుతో భర్త గదిలోకి వచ్చాడు. సర్వేయరుగా రిటైరయ్యాక ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి ప్లాన్లు గీసిస్తున్నాడు. ఆయనకీ ఈ కంప్యూటరే దిక్కు.

"కనబడ్డదల్లా నొక్కుతావు. ఇంకేమవుతుంది?"

"ఏం నొక్కానో అన్నీ ఇందులో ఉన్నాయి. చదవమంటారా?"

"రాసుకుంటే రోగం కుదురుతుందా? మొన్న అదే చెప్పిందిగా, మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఈ నంబరుకి ఫోన్ చేయండని. చేసుంటే ఈపాటికి పోయేది."

"మన జేబు కొట్టేవాడే వచ్చి, జేబు జాగ్రత్త బాబూ అన్నట్టుంది అది. పాలు పొంగుతున్నాయి, జరగండి."

ఆమె మాట నవ్వుతూనే అన్నా లోపల దిగులుగానే ఉంది. మొన్న ఒకావిడ రంగులు చూద్దామని వచ్చి పక్కన కూర్చున్నప్పుడు ఇలాగే ఇంకో పేజీ తెరుచుకుంది. నలుగురిలో చూడదగ్గది కాదు. ఆవిడ "మళ్ళీ వస్తాలెండి" అని లేచింది. మళ్ళీ రాలేదు.

పాలు దించి వచ్చి, నిన్న పూర్తయిన నీలం కర్టెన్ ముందుగది కిటికీకి తగిలించి ఫోటో తీసింది. ఎవరింటికి పంపే కర్టెన్ అయినా ముందు ఈ కిటికీకి వేలాడి, ఫోటోగా పేజీలోకి ఎక్కాకే గడప దాటుతుంది.

"కొంచెం పక్కకి జరగండి. కనబడుతున్నారు."

"నా ఇంట్లో నేను కనబడితే తప్పా?"

"కొనేది కర్టెన్, మిమ్మల్ని కాదు."

ఆయన గొణుక్కుంటూ పేపరు తీసుకుని అవతలి కుర్చీలోకి మారాడు.

పది గంటలకి వైర్లక్క వచ్చింది. వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆవిడది. మెడలో ఎప్పుడూ ఒకటో రెండో వైర్లు వేలాడుతుంటాయి కాబట్టి అందరికీ ఆ పేరే అలవాటైంది. ఇప్పటికి మూడుసార్లు వచ్చి శుభ్రం చేసి వెళ్ళింది.

"నా పనితనానికే మచ్చ తెస్తోంది వదినా ఇది," అంటూ కుర్చీ లాక్కుంది. "ఇవాళ తేలాల్సిందే. అదో నేనో."

బ్రౌజర్‌లో అమర్చుకున్న చిన్న చిన్న పనిముట్ల జాబితా తీసింది. మూడుసార్లు పీకేసిన దొంగ పనిముట్టు నాలుగోసారి తాపీగా అక్కడే ఉంది. వైర్లక్క నాలుక చప్పరించి, ఆమె నోటుపుస్తకం అందుకుని పేజీలు తిప్పింది.

"ఇలాంటి పుస్తకం నా చేతికిచ్చిన మొదటి మనిషివి నువ్వే. మిగతావాళ్ళు 'ఏమో, దానంతటదే' అంటారు." ఒకచోట వేలు ఆపింది. "ఇది చూడు. సాయంత్రం తీసేశాక పడుకునేదాకా బాగానే ఉంటోంది. కంప్యూటర్ ఆపేసి పడుకుంటారా?"

"స్విచ్ కూడా తీసేస్తాం."

"మరి ఆరిపోయిన కంప్యూటర్లోకి పొద్దున్నకల్లా ఎలా దూరుతోంది? ఇది ఇక్కడ పుట్టింది కాదు వదినా. మనం ఇక్కడ ఊడుస్తుంటే ఇంకెక్కడినుంచో వచ్చి పడుతోంది. నీ ఖాతా ఇంకో కంప్యూటర్లో తెరిచి ఉందేమో. అక్కడ పెట్టుకున్నవి ఇక్కడికీ, ఇక్కడివి అక్కడికీ వాటంతటవే వచ్చేస్తాయి. అక్కడ అసలు దొంగ ప్రోగ్రాం కూర్చుని రోజూ దీన్ని మళ్ళీ పెడుతూ ఉండాలి."

"మాకు ఇంకో కంప్యూటర్ ఎక్కడిది?"

"చూద్దాం."

వైర్లక్క రెండు మూడు చోట్ల నొక్కింది. ఆ ఖాతా తెరిచి ఉన్న యంత్రాల జాబితా వచ్చింది. మొదటిది ఈ ఇంటిదే. దాని కింద ఇంకొకటి ఉంది.

ఉడత. చివరిసారి వాడినది: ఈ రోజు, ఉదయం 6:10.

ఆమె చేతిలోని పెన్సిల్ జారి కిందపడింది. అవతలి కుర్చీలో పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఆ పేరు పెట్టింది ఆయనే. నాలుగేళ్ళప్పుడు కూతురు అల్మరా అరలు మెట్లుగా చేసుకుని పైదాకా ఎక్కి కూర్చుంది. "దిగవే ఉడతా" అని ఆయన చేతులు చాస్తే, దిగకుండా కిలకిలా నవ్వింది. అప్పట్నుంచి ఇంట్లో అసలు పేరు ఎవరికీ నోట రాలేదు. పెద్దయ్యాక తన ల్యాప్‌టాప్‌కీ అదే పేరు పెట్టుకుంది. అమ్మ కర్టెన్లకి పేజీ తయారుచేసింది తనే. ఫోటోలు ఎక్కించడానికి వీలుగా అమ్మ ఖాతాని తన ల్యాప్‌టాప్‌లోనూ తెరిచిపెట్టుకుంది.

రెండేళ్ళ క్రితం, ఫార్మసీ చదువు చివరి ఏడాదిలో వదిలేసి నాటక బృందంలో లైట్లు అమర్చే పనికి పోతానంది. నిచ్చెనలెక్కి దీపాలు కట్టే పనికా ఇంత చదివించానంటూ తండ్రి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. వెళ్తే మళ్ళీ మొహం చూపించొద్దన్నాడు. ల్యాప్‌టాప్ సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగి, కూతురు తండ్రి వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది.

"నాన్న అరిచినందుకు కాదమ్మా నా ఏడుపు. నువ్వు ఒక్క మాటా మాట్లాడలేదు."

ఆ మాట ఆమె గుండెలో ఇరుక్కుపోయింది. ఫోన్‌లో ఆ నంబరు తీసి ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు. నొక్కే ధైర్యమే రాలేదు. ఏమని మొదలుపెట్టాలి?

"ఆరూ పదికి రోజూ ఏం చూస్తున్నారో కనబడుతుంది," అంది వైర్లక్క, సంగతి తెలియక. "ఇదిగో. నీ పేజీయే వదినా. నిన్న, మొన్న, అటుమొన్న. ఒక్కో ఫోటో తెరిచి చూశారు. సరే, ఈ యంత్రాన్ని జాబితాలోంచి తీసేస్తే పీడ విరగడవుతుంది. ఒక్క నొక్కు చాలు."

"తీసెయ్యండి," అన్నాడాయన అవతలి కుర్చీలోంచి.

వైర్లక్క ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. "దాహంగా ఉంది వదినా," అని తనే వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చప్పుడు గ్లాసెడు నీళ్ళకి కావలసినదానికంటే చాలాసేపు వినిపించింది.

ఆయన లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. "విన్నావుగా. నొక్కు."

మౌస్ మీద ఆమె చెయ్యి ఉంది. వేలు కదల్లేదు.

"నొక్కను."

"ఏంటీ?"

"నొక్కను అన్నాను."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నోట ఆ మాట ఆయన విన్నది లేదు. మొహం ఎర్రబడింది. "అది పంపిన దరిద్రమే ఇదంతా. వెళ్తూ వెళ్తూ మనశ్శాంతి పట్టుకుపోయింది, ఇప్పుడు కూడూ గుడ్డా ఇచ్చే పని మీద పడింది. అయినా నీకు రెండేళ్ళుగా లేని ప్రేమ ఇవాళ పుట్టుకొచ్చిందా?"

"లేదని మీకెవరు చెప్పారు?"

"నువ్వే! ఆ రోజు నోరు విప్పావా? నీదీ నా మాటే అనుకున్నాను. నువ్వు వద్దండీ అని ఒక్క మాట అనుంటే నేను ఆగిపోయేవాణ్ణి."

ఆమె కుర్చీ తిప్పి ఆయన వైపు కూర్చుంది. 

"మీరు ఆగేవారో లేదో నాకు తెలీదు. నేను అనలేదు, అదే నిజం. ఆ తప్పు నాది. అనాల్సిన రోజున అనకుండా మీ చాటున దాక్కున్నాను. దానికే అది నన్ను తప్పుపట్టింది, మిమ్మల్ని కాదు. ఇవాళ అంటున్నాను, వినండి. వద్దు. ఆ పేరు అక్కడే ఉండాలి."

ఆయన చేతిలోని పేపరు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

వంటింట్లో కుళాయి ఆగింది. వైర్లక్క పవిటతో చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడింది. "తీసెయ్యకుండా కూడా మార్గం ఉంది అన్నయ్యగారూ. రెండువైపులా ఒకేసారి శుభ్రం చెయ్యాలి. అక్కడా ఇక్కడా ముందు ఆ రాకపోకలు ఆపి, దొంగదాన్ని తీసేసి, రెండు యంత్రాలూ మొత్తం వెతికించి, ఆఖర్న పాస్‌వర్డ్ మార్చాలి. అవతలివాళ్ళు ఫోన్‌లో ఉంటే అరగంట పని. ఏమేం చెయ్యాలో వరసగా రాసిస్తాను."

ఆమె ఫోన్ తీసింది. నంబరు వెతుక్కునే పని లేదు. నొక్కి స్పీకర్ పెట్టింది. రెండోసారి మోగకముందే అవతల ఎత్తారు.

"అమ్మా? నాన్నకేమైంది?"

అంత దూరంనుంచి అంత భయం. స్పీకర్‌లో ఆ గొంతు గదంతా వినబడింది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

"నాన్నకేం కాలేదు తల్లీ. కంప్యూటర్‌కే ఒంట్లో బాగాలేదు."

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు.

ఆమె మెల్లగా విషయమంతా చెప్పింది. పేజీలు పక్కదారి పట్టడం, మూడుసార్లు తీసినా తిరిగిరావడం, జాబితాలో పేరు.

"అయ్యో, నావల్లా అమ్మా? నాకూ వస్తున్నాయి ఆ పేజీలు. ఈ పాత ల్యాప్‌టాప్ అంతేలే అని వదిలేశాను. నీ పేజీలో ఫోటోలు దాచుకోనివ్వదుగా. దాచుకోడానికని ఒక ప్రోగ్రాం దొరికితే వేసుకున్నాను. అదే అయ్యుంటుంది."

"కర్టెన్ల ఫోటోలు నువ్వేం చేసుకుంటావే?"

"కర్టెన్ల కోసం కాదు." గొంతు చిన్నదైంది. "నువ్వు ఎంత జాగ్రత్తగా తీసినా అంచున నీ చెయ్యి పడుతుంది. పచ్చ కర్టెన్ ఉంది చూడు, దాంట్లో కిటికీ అద్దంలో నాన్న పేపరు చదువుతూ కనిపిస్తాడు. నాన్న కళ్ళజోడు మార్చాడు కదా? ఎప్పుడు మార్చాడు?"

కిటికీ దగ్గర ఆయన చెయ్యి తనకు తెలియకుండానే కళ్ళజోడు మీదకు వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

ఆమె ఏదో చెప్పబోయింది. "నేను ఆ రోజు..." అని మాత్రం అనగలిగింది. "నేను మాట్లాడి ఉండాల్సిందే తల్లీ. నీ కళ్ళ ముందే నిలబడి, లేనట్టే ఉండిపోయాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవతల కూతురు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

వైర్లక్క రాసిన కాగితం బల్ల మీద ఉంది. చదవాల్సిన మనిషికి కళ్ళనిండా నీళ్ళు. అక్షరాలు కనబడటం లేదు.

ఒక చెయ్యి వచ్చి ఆ కాగితం తీసుకుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఫోన్‌కి దగ్గరగా వంగి, గొంతు సవరించుకున్నాడు.

"కుడివైపు పైన మూడు చుక్కలుంటాయి. నొక్కు."

అవతల ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్న చప్పుడు వినబడింది.

"నొక్కావా?"

"నొక్కాను నాన్నా."

"కింద సెట్టింగులు అని ఉంటుంది. తొందరేం లేదు. చూసుకుని నొక్కు."

అలా ఒక్కొక్కటే చదివాడు. ఇక్కడ వైర్లక్క తీసినది అక్కడ కూతురు తీసింది. దొంగ ప్రోగ్రాం ఆ ల్యాప్‌టాప్‌లోనే దొరికింది. అది పోయాక రెండు యంత్రాలూ మొత్తం వెతికించేసరికి అరగంట కాస్తా గంటన్నర అయింది. మధ్యలో ఎప్పుడో "అన్నం తిన్నావా?" అని ఆయన అడిగాడు. అది కాగితంలో లేదు.

చివరికి పాస్‌వర్డ్ మార్చి వైర్లక్క చేతులు దులుపుకుంది. "ఇంతకుముందు తెరిచి ఉన్నవన్నీ మూసుకుపోయాయి. ఇక కొత్త పాస్‌వర్డ్ తెలిస్తేనే లోపలికి రావడం."

"సరేనమ్మా," అంది ఫోన్‌లో కూతురు. "నా మూలాన మళ్ళీ రాదులే. నేను ఉంటా."

"ఆగు," అన్నాడాయన. "పెన్ను తీసుకో. రాసుకో."

ఒక్కో అక్షరం, ఒక్కో అంకె ఆపి ఆపి చెప్పడం మొదలుపెట్టాడు. వైర్లక్కకి ప్రాణం ఒప్పలేదు. "అన్నయ్యగారూ, పాస్‌వర్డ్ బయటివాళ్ళకి ఎవ్వరికీ చెప్పకూడదు."

"బయటివాళ్ళకి చెప్పడం లేదు," అని తర్వాతి అంకె చదివాడు.

మర్నాడు ఉదయం ఆమె ముందు ఉత్తరం మీద నొక్కింది. ఉత్తరమే తెరుచుకుంది. ఇంకో రెండు నొక్కి చూసింది, అవీ సరిగ్గానే వచ్చాయి. నోటుపుస్తకంలో తేదీ వేసి "బాగానే ఉంది" అని రాసింది. జాబితా తెరిచింది. రెండో పేరు తిరిగి వచ్చింది. ఉదయం 6:10.

పసుపు కర్టెన్ కిటికీకి తగిలించి ఫోన్ ఎత్తింది. ఆయన కర్టెన్ పక్కనే కుర్చీ వేసుకుని, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"పక్కకి జరగండి," అంది అలవాటుగా. "కనబడుతున్నారు."

"కనబడనీ," అన్నాడాయన.