పేరు చెక్కిన సాయంత్రం

మార్చి మూడో తేదీ. ఆ మధ్యాహ్నం హోటల్లో ఓరిన్ గిన్నెలోని చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజల కూర, సగం కూడా తినలేకపోయాడు. దాంతోపాటు ఇచ్చిన దాల్చినచెక్క రోల్‌ను కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

గుర్రం పడేసినప్పటి నుంచి అతని కుడి భుజం సరిగా లేవదు. పొడుగు తుపాకి ఎత్తలేడు. గొర్రెలు ఈనే రోజులు దగ్గరపడ్డాయి. పోయిన వసంతంలో నక్కల్లాంటి కొయోట్‌లు సగం పిల్లల్ని ఎత్తుకుపోయాయి. ఈసారీ అదే జరిగితే మంద అమ్ముకోవాల్సిందే.

ఎత్తడానికి వీలుగా తుపాకికి పొట్టి గొట్టం బిగించుకోవడానికి ప్రభుత్వ అనుమతి వచ్చింది. కానీ ముందుగా తుపాకి మీద తన పేరు, ఊరు, రాష్ట్రం చట్టం చెప్పిన లోతున చెక్కించాలి. తుపాకి అనగానే చెక్కేవాళ్లు ఇద్దరు కుదరదన్నారు. ఇక మిగిలింది రోడియో గుర్రపు పోటీల బెల్టు బకిళ్లు చెక్కే మారెన్. సాయంత్రం తుపాకి పట్టుకుని ఆమె దుకాణానికి వెళ్లాడు.

"పెట్టి వెళ్లండి. రేపు రండి," అంది మారెన్.

"పెట్టి వెళ్లకూడదండి."

"ఏం, అమ్ముకుంటాననా?"

"అయ్యో, కాదండి. మీకు తుపాకుల లైసెన్సు లేదు కదా. పనయ్యేదాకా నేను పక్కనే ఉండాలి. చట్టం."

"బావుంది. మా అమ్మ కూడా నన్నింత కాపలా కాయలేదు. కూర్చోండి."

ఖాళీ తుపాకి విప్పి, బాడీని బిగింపులో పెట్టింది. ఓరిన్ ఆమె చేతులకేసే చూస్తున్నాడు. ఉలి జారితే మరో తుపాకి, మరో అనుమతి, నెలల తరబడి ఎదురుచూపు. ఈలోగా గొర్రెలు ఆగుతాయా?

"అలా చూస్తే నా చెయ్యి వణుకుతుంది. కిటికీ వైపు చూడండి."

చూశాడు. బయట మంచు సన్నగా రాలుతోంది.

"కిటికీ అద్దంలో నన్నే చూస్తున్నారు. నాకూ కనిపిస్తోంది."

ఓరిన్ చెవులు ఎర్రబడ్డాయి. ఏం చెయ్యాలో తోచక రోల్ తీసి సగం తుంచి ఇచ్చాడు. ఆమె నవ్వలేదు కానీ తిన్నది.

చెక్కడం పూర్తయ్యాక లోతు కొలిచింది. ముఖం మారిపోయింది.

"ఊరి పేరు దగ్గర లోతు చాలలేదు. మళ్లీ అదే గీతలో వెళ్లాలి. తప్పితే పాడైపోతుంది. నాకు భయంగా ఉంది."

"నాకూ అంతే. ఆపేద్దామంటే ఆపేద్దాం. మిమ్మల్ని ఏమీ అనను."

ఆమె అతని వైపు ఒక క్షణం చూసింది. "దీపం దగ్గరగా పట్టుకోండి. కదలకూడదు."

ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఒక్కో అక్షరం మీద ఉలి నెమ్మదిగా నడిచింది.  చివరి అక్షరం కొలిచి, ఆమె వెనక్కి వాలింది.

"సరిపోయింది."

ఓరిన్ దీపం కింద పెట్టాడు. తుపాకి పెట్టెలో సర్దుకున్నాడు, కానీ కదల్లేదు.

"ఇంకేమన్నా చెక్కాలా?"

"లేదండి. మళ్లీ రావడానికి కారణం వెతుకుతున్నా. దొరకడం లేదు."

మారెన్ ఉలి తుడుస్తూ తలెత్తలేదు. "ఉపవాస కాలం కదా, శుక్రవారం చర్చిలో మాంసం లేకుండా చేపల విందు. ప్రతిసారీ ఒక్కదాన్నే వెళ్తుంటా."

"నాకు చేపలు పడవు." వెంటనే నాలుక కరుచుకున్నాడు. "అయినా వస్తాను."

"బంగాళాదుంపలు కూడా పెడతారులే. ఆరింటికి రా."

అతని ట్రక్కు దీపాలు మలుపు దాటేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. తర్వాత చప్పుడు కాకుండా తలుపు మూసింది.