ఏ మాను?

2091 నాటికి ఆ ఉత్తర దేశంలో పాలు తాగే పసివాడికి కూడా రెండు తెలుగు మాటలు వచ్చు. ‘నరుకు’ ఒకటి, ‘మాను’ రెండోది.

ఆ మాటలు వృక్షకర్తరి వల్ల వచ్చాయి. అదొక ఇంటి ఎత్తు హార్వెస్టర్ రోబో. డాక్టర్ అవనిజ దాన్ని తయారుచేసి, తన గొంతుతోనే మాటలు నేర్పింది. దాని సెన్సర్లకు కలప సాంద్రత తప్ప మరేదీ ఆనదు. చెట్టు జాతి, ధర చూడగానే చెప్పేస్తుంది. ఉత్తరాన చిత్తడిలో గిడసబారిన బిర్చ్ కాగితపు గుజ్జుకే పనికొస్తుంది. నడుమ శృంగాకారపు అడవుల్లోని పైన్, స్ప్రూస్ దూలాలకీ పలకలకీ పోతాయి. దక్షిణపు ఓక్ మాత్రం ఫర్నిచర్ వాళ్లకి బంగారంతో సమానం. మనిషి అడ్డొస్తే కర్తరికి తెలియదు. అందుకే ఎవరు ‘మాను’ అని అరిచినా టక్కున ఆగిపోయేలా అవనిజ దాన్ని మలిచింది.

జనం ఊరుకుంటారా? ఓక్ తోపు మీదికి కర్తరి వచ్చినప్పుడల్లా ‘మాను, మాను’ అంటూ ఎదురు నిలిచారు. కోత ఆగిపోయింది. కంపెనీ డైరెక్టర్ శౌరికి ఒళ్లు మండింది. కర్తరి నిఘంటువులోంచి ఆ క్రియని తీసేయించాడు. చెట్టు అనే అర్థం మాత్రం ఉంచాడు, వ్యాపారం చెట్లతోనే కదా! ఆజ్ఞలిచ్చే అధికారం కూడా తన గొంతుకే పెట్టుకున్నాడు.

ఆ మర్నాడే ఐనో అనే ముసలి వడ్రంగి ‘మాను’ అని అరుస్తూ రంపం కింద రెండు ముక్కలయ్యాడు. ఊరు ఊరంతా వచ్చి గొలుసులతో ఓక్ చెట్లకు తమని కట్టేసుకుంది. ఒకణ్ణి చంపినవాడు వందమందిని చంపడని పాపం వాళ్ల నమ్మకం.

మూడు రకాల అడవులూ కలిసే చోట, పైన్ వాలు మీద అవనిజ, శౌరి నిలబడి చూస్తున్నారు. కింద ఓక్ తోపు, పక్కన మనిషి జాడలేని బిర్చ్ చిత్తడి.

"మనిషిని చంపేశాం శౌరి గారూ," అంది అవనిజ.

"ఒక్కడేగా పోయాడమ్మా! మిగిలినవాళ్లు భయపడి వాళ్లే విప్పుకుంటారు. ఈలోగా ఈ పైన్ సంగతి చూద్దాం." శౌరి కర్తరి వైపు తిరిగాడు. "నరుకు."

తెగిన దుంగ దొర్లివచ్చి ఆయన కాలి మీద పడింది. దాన్ని ముక్కలు చేయడానికి రంపం దిగింది. దుంగతో పాటు పాదమూ తెగిపోయింది. మంచు మీద నెత్తురు చిమ్మింది. రంపం మోకాలి వైపు జరుగుతోంది.

"మాను! ఓరి దేవుడా, మాను!"

"ఏ మాను?" అని వినయంగా అడిగింది కర్తరి, అవనిజ గొంతుతోనే.

అవనిజ అరిచింది. "బిర్చ్ అనండి! చిత్తడిలో ఎవరూ లేరు, బిర్చ్ అనండి!"

శౌరి నోరు తెరిచాడు. చవక చెట్టు పేరు ఆ నోట ఎన్నడూ వచ్చింది కాదు.

"ఓక్!" అని కేక పెట్టాడు. "ఓక్ మాను!"

రంపం పైకి లేచింది. కర్తరి వాలు దిగసాగింది. అవనిజ ఆయన కాలర్ పట్టుకుని కుదిపింది, మాట మార్చమని చెంపలు వాయించింది. శౌరికి స్పృహ లేదు. ప్రాణం మాత్రం ఉంది.

కింద గొలుసులు గలగలలాడాయి. తాళంచెవుల కోసం తడుముకుంటూ ఆడా మగా, పిల్లాజెల్లా, తమకి తెలిసిన ఆ ఒక్క మంచి మాటనే గొంతు చించుకుని అరిచారు.

"మాను! మాను!"

ఎవరు పలకరించినా బదులివ్వాలని అవనిజే దానికి మర్యాద నేర్పింది.

"అవునండీ," అంది కర్తరి రంపం ఎత్తుతూ, "ఓక్ మానే."