సోమలింగం గారి మూడు కాజాలు

మిఠాయి కొట్టు తలుపు దానంతట అదే మూసుకోవడంతో సోమలింగం గారు తన చేతి కడియం వైపు చూసుకున్నారు. పొద్దున పచ్చగా ఉన్నది ఇప్పుడు ఎర్రగా ఉంది.

2087వ సంవత్సరంలో మండపేటలో ఏ తలుపైనా మనిషి ముఖం కంటే ముందు ఆరోగ్య కడియాన్ని చూస్తుంది. పచ్చ కడియానికి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. పసుపు కడియానికి మిఠాయి కొట్లు తప్ప మిగతావి తెరుచుకుంటాయి. ఎర్ర కడియానికి తెరుచుకునేవి రెండే, సొంత ఇల్లూ, ఆసుపత్రీ.

అద్దం అవతలి నుంచి కొట్టు యజమాని వీర్రాజు పలకరించాడు. "ఎర్రగా ఉందేంటండీ? ఆపరేషనా అండీ?"

"నాకూ తెలీదయ్యా. ఇప్పుడే పరీక్ష చేయించుకుని వస్తున్నాను."

"రోజుకి ఎన్ని కాజాలు తింటారని అడిగి ఉంటుందండి యంత్రం."

"అడిగింది. మూడని చెప్పాను."

"మూడు తిని మూడని చెప్పేసేరా?" వీర్రాజు గొంతులో నిజమైన జాలి వినిపించింది. "ఎంత పని చేసేరండీ బాబూ."

సోమలింగం గారిది పెళ్ళి సంబంధాలు కుదిర్చే వృత్తి. నలభై దాటిన పెళ్ళికొడుకును ముప్పై రెండు అనీ, గురకను గట్టి ఊపిరి అనీ చెబుతూ ముప్పయ్యేళ్ళు గడిపారు. అటువంటి మనిషి భార్య అనంతలక్ష్మికి విషజ్వరం వచ్చినప్పుడు అన్నవరం కొండకేసి తిరిగి దణ్ణం పెట్టి, ఆమె లేచి కూర్చుంటే నలభై ఒక్క రోజులు అబద్ధమాడనని మొక్కుకున్నారు. ఆమె మర్నాడే లేచి కూర్చుంది. దీక్ష మొదలైంది. నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. అయినా సత్యదేవుడికి ఇచ్చిన మాట కదా అని పట్టుదలగా ముప్పై ఎనిమిది రోజులు నెట్టుకొచ్చారు. ఆసుపత్రి వాళ్ళు ఎప్పుడో ఇచ్చిన పరీక్ష తేదీ సరిగ్గా ముప్పై తొమ్మిదో రోజున వచ్చి పడింది.

కడియం చిన్నగా మోగి, మగగొంతుతో పలికింది. "రేపు ఉదయం ఏడు గంటలకు మీ క్లోమగ్రంథిని తీసివేసి యంత్ర క్లోమాన్ని అమర్చడం జరుగుతుంది. ఈ రాత్రి ఉపవాసం ఉండండి."

అరగంటలో భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రిలో డాక్టర్ నీలవేణి ఎదుట కూర్చున్నారు. రోగనిర్ధారణ చేసే నిజదర్శిని యంత్రం ఆమె తొమ్మిదేళ్ళ పరిశోధన ఫలితం. సన్నగా, కళ్ళద్దాల వెనక ఎప్పుడూ నిద్ర చాలనట్టుండే మనిషి.

"నా ఒంట్లోది తీసేస్తే మళ్ళీ పెట్టగలరా డాక్టరమ్మా?" అని అడిగారు సోమలింగం గారు.

"పెట్టలేమండి."

"మూడు కాజాలకి అంత శిక్షా?"

నీలవేణి ఓపిగ్గా వివరించింది. వెనకటి రోజుల్లో డాక్టర్లు రోగి మాట నమ్మి మందిచ్చేవారు. రోగి మాట ఎంతవరకు నిజమో తేల్చడానికి ఆమె ఆరు వేల మందికి వాళ్ళ ఇష్టంతోనే చేతికి కొలత పట్టీలు కట్టి, చెప్పినదాన్నీ చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. మిఠాయి ఒకటన్నవాళ్ళు మూడు తింటున్నారు. నాలుగు కిలోమీటర్లు నడుస్తామన్నవాళ్ళు ఒకటి నడుస్తున్నారు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటామన్నవాళ్ళు సోమవారం నుంచి బుధవారం దాకా వేసుకుంటున్నారు. రక్తపరీక్ష నమ్ముదామంటే, తేదీ ఇచ్చిన రోజు నుంచీ అందరూ పత్యం పట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మిఠాయి కొట్టుకు వెళుతున్నారు. అందుకని ప్రతి మాటకూ, ప్రతి రక్తపు చుక్కకూ ఒక వాస్తవ గుణకం కనిపెట్టి యంత్రానికి నేర్పింది. అప్పటి నుంచి రోగనిర్ధారణలో తప్పు నూటికి ఒకటికి తగ్గింది.

"అంటే నా మూడు కాజాలూ..."

"తొమ్మిదయ్యాయి. కిలోమీటరు నడుస్తానన్నారట, అది పావు కిలోమీటరైంది. పత్యం చేశారా?"

"పత్యం చేసి రక్తం చూపించడం అబద్ధమే కదమ్మా. మామూలుగా తినే వచ్చాను."

నీలవేణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "పత్యం చేసిన రక్తమే ఇలా ఉంటే అసలు రక్తం ఎలా ఉంటుందోనని లెక్కేసింది. పాపం, దాని తప్పు కూడా లేదు."

"మీరు కొట్టేయండి ఆ లెక్క."

"ఆ అధికారం మాకు లేదండి. ఉన్న రోజుల్లో రోజుకు వంద సిఫార్సు ఫోన్లు వచ్చేవి. తీసేశారు. మిమ్మల్ని మళ్ళీ కూర్చోబెట్టడం వరకే నా చేతిలో ఉంది."

నిజదర్శిని గదిలో ఒక కుర్చీ, ఎదురుగా గుండ్రటి అద్దం ఉన్నాయి. రోగి తప్ప మరెవరూ లోపలికి రాకూడదని నియమం. నీలవేణి పరిశోధకురాలు కాబట్టి పక్కన నిలబడింది.

"ఈయన నిజం చెప్పే మనిషి. దీక్షలో ఉన్నారు. గుణకం ఒకటిగా తీసుకో" అంది.

"మీరు నిజమే చెబుతున్నారా?" అని యంత్రం సోమలింగం గారిని అడిగింది.

"ఆ. సత్యదేవుడి సాక్షిగా."

"ఈ ప్రశ్నకు పరిశోధనలో ఆరు వేల మందీ అవుననే చెప్పారు. వారిలో రెండు వేల మంది దేవుడి పేరు కూడా చెప్పారు. దేవుడి పేరు చెప్పినవారి గుణకం కొంచెం ఎక్కువ."

అద్దం మీద కాజాల అంకె తొమ్మిది నుంచి పదకొండుకు మారింది.

"అయ్యా, ఇంకేమీ అనకండి" అంది నీలవేణి కంగారుగా.

"పోనీ రెండు రోజులు ఆగమనండి. నా దీక్ష అయిపోతుంది. అప్పుడు వచ్చి ఎలా చెప్పాలో అలా చెబుతాను."

"రెండు రోజుల్లో వస్తానన్నవారు సగటున ఎనిమిది నెలలకు వస్తున్నారు. వాయిదా కుదరదు" అంది యంత్రం.

సోమలింగం గారు కళ్ళు మూసుకున్నారు. ఒకే ఒక్క కాజా అంటే చాలు, మూడని సరిగ్గా అర్థం చేసుకుంటుంది. ముప్పయ్యేళ్ళలో ఎన్నో మూడులను అవలీలగా ఒకట్లుగా మార్చిన నాలుక అది. నాలుక కదిలింది కూడా. కానీ మంచం మీద ఒళ్ళు కాలిపోతూ పడున్న భార్య గుర్తొచ్చింది. ఇచ్చిన మాట తప్పితే ఆ జ్వరం మళ్ళీ వెతుక్కుంటూ వస్తే?

"మూడే" అన్నారు నీరసంగా.

తలుపు దభీమని తెరుచుకుంది. బయట బల్ల మీద కూర్చోలేక అనంతలక్ష్మి లోపలికి వచ్చేసింది.

"అమ్మా, రోగి తాలూకు వాళ్ళు రాకూడదు" అంది నీలవేణి.

"రాకుండా ఎలా ఊరుకుంటానమ్మా, ఈయనకి తన ఒంటి సంగతి తనకి తెలుసా? మూడంట మూడు. తొమ్మిదికి తక్కువ తింటే నన్నడుగు. ఆ వీర్రాజు కొట్టు నడుస్తున్నదే ఈయన మీద. నడకా? గుమ్మం దాటి వీధి చివరిదాకా, పావు కిలోమీటరు, అదే గొప్ప. చెప్పి చెప్పి నా నోరు పడిపోయిందనుకో. కోసేయండి, మీ ఇష్టం, కోసేయండి." అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సోమలింగం గారు నిర్ఘాంతపోయారు. "ఏమేవ్, తొమ్మిది ఎప్పుడు తిన్నానే?"

"మీరు ఊరుకోండి."

అద్దం మీద అంకెలు గిరగిరా తిరిగాయి.

"గృహిణి వాంగ్మూలం అందింది" అంది యంత్రం. "పరిశోధన పట్టికలో నాలుగు వందల పన్నెండు మంది భార్యల మాటలున్నాయి. భర్త తినేదానికి మూడింతలు, నడిచేదానిలో పావు వంతు చెప్పడం వారి సగటు. సవరిస్తే తొమ్మిది మూడవుతుంది. నడక కిలోమీటరవుతుంది. రోగి రక్తం కూడా మూడు కాజాల లెక్కకు సరిపోతోంది, అంటే పత్యం పట్టలేదు. రోగి మాట కంటే సవరించిన భార్య మాటకే కొలత పట్టీలతో దగ్గర పోలిక ఉంది. క్లోమం తీయనక్కర్లేదు. రోజుకు ఒక మాత్ర, రెండు కిలోమీటర్ల నడక."

కడియం ఎరుపు నుంచి పసుపుకు మారింది.

నీలవేణి నుదురు కొట్టుకుంది. "రోగుల తాలూకు వాళ్ళు అల్లరి చేస్తున్నారని బయట కూర్చోబెట్టింది నేనే. ఆ పట్టికను పనికిరానిదని పక్కన పెట్టిందీ నేనే" అని గొణుక్కుంది. ఆ వారమే నియమం మారింది. నిజదర్శిని గదిలోకి ఇంకో కుర్చీ వచ్చింది.

ఇంటికి నడిచి వెళుతూ సోమలింగం గారు మెల్లగా అడిగారు. "నా కోసం అబద్ధమాడావా లక్ష్మీ?"

"అబద్ధమేంటండీ, కడుపు మండి అన్నాను."

అది అబద్ధమో నిజమో ఆయన ఎటూ తేల్చుకోలేకపోయారు. సత్యదేవుడే లెక్క చూసుకుంటాడులే అనుకున్నారు.

నలభై రెండో రోజున, అన్నవరంలో వ్రతం చేయించుకుని, ప్రసాదం పొట్లంతో సహా తిరుగు పరీక్షకు వచ్చారు. యంత్రం ఎదుట ఈసారి రెండు కుర్చీలు.

"గడిచిన మూడు రోజుల్లో ఎన్ని కాజాలు తిన్నారు?"

కొట్టు తలుపు తెరుచుకోకపోయినా, కిటికీలోంచి వీర్రాజు అందించినవి మూడు. దీక్ష ముగిసింది. సోమలింగం గారి నాలుక ఏ తడబాటూ లేకుండా పాత దారి పట్టింది.

"ఒకటి తిన్నానేమో."

అనంతలక్ష్మి నోరు తెరిచేలోపే అద్దం మీద మూడు అంకె వెలిగింది.

"ధన్యవాదాలు" అంది నిజదర్శిని. దాని గొంతులో ఊరట వినిపించిందని నీలవేణి తర్వాత తన నివేదికలో రాసుకుంది. "ఇప్పుడు మీరు చెప్పేది నాకు స్పష్టంగా అర్థమవుతోంది."