కోబెలో ఒక పర్లేదు

"ఉత్సుమి ఆపరేషన్ బల్ల మీదే చావాలి. డాక్టర్ల పొరపాటు అనుకోవాలి అందరూ. వాళ్ల ప్లాన్ అది," అన్నాడు చీఫ్ నగమొరి.

కోబె రేవుకు ఎదురుగా ఉన్న ఆ గదిలో ఏజెంట్ ఇసురుగి నిటారుగా నిలబడి విన్నాడు. జలాంతర్గాముల ఇంజనీరు ఉత్సుమికి రేపు పొద్దున వెన్నెముక ఆపరేషన్. బతికితే విదేశీ గూఢచారుల ముఠాలో వాళ్ల పేర్లన్నీ చెప్పేస్తాడు.

"కోతకు ముందు ట్రానెక్సామిక్ ఇంజక్షన్ ఇస్తారు. రక్తం గడ్డ కరగకుండా నిలబెట్టే మందు. మన దేశం కనిపెట్టిందే. దాని బదులు రక్తం పల్చబరిచేది పడిందో, మనిషి కుళాయి విప్పినట్టు కారిపోతాడు. ఆ మందు పెట్టె నువ్వే మొయ్యాలి."

"ముఠాలో మన మనిషి?"

"మివా. మందుల కంపెనీ అమ్మాయి వేషం. మనదో వాళ్లదో దేవుడికే తెలియాలి. ప్రమాదముంటే మాత్రం చెబుతానంది."

"ఈ కాలం పిల్లల్ని నేను నమ్మను సార్."

మందుల డిపోలో తీసుకున్న పెట్టెను ఇసురుగి ఎవరినీ తాకనివ్వలేదు. పొద్దున నీలం బట్టలు, మాస్కు, గుండీలో మైకుతో థియేటర్ అటెండరుగా బయల్దేరాడు. వరండాలో మివా ఎదురైంది. ముత్యాల దండ, ఎర్రటి పెదవులు, రెండు చేతులా పట్టుకున్న కేకు డబ్బా. పక్కనే ముఠా తాలూకు బట్టతల మనిషి.

"అమ్మాయ్, ఈ మందు లోపలికి పట్టుకెళ్లనా?"

"పర్లేదండీ," అంది మివా నవ్వుతూ.

ఇసురుగి గుండె కుదుటపడింది. "లైన్ క్లియర్," అన్నాడు గుండీతో.

లోపల ఉత్సుమి మత్తులో ఉన్నాడు. మత్తు డాక్టర్ హోంజోకి ముప్పై దాటి ఉండవు. ఆమె మందును సిరంజిలోకి లాగి సెలైన్ గొట్టానికి తగిలించింది.

"స్టూల్ వెయ్యమంటారా డాక్టర్?" అడిగింది నర్సు.

"పర్లేదు."

నర్సు స్టూలును తిరిగి మూలకు తీసుకెళ్లిపోయింది.

ఇసురుగి ఆ స్టూలు వంక చూస్తూ బిగుసుకుపోయాడు. తన ఈడు వాళ్లకు పర్లేదంటే భయం లేదని. ఈ పిల్లలకు పర్లేదంటే వద్దులే అని! అయ్యో, వరండాలో ఆ పిల్ల పట్టుకెళ్లొద్దనే చెప్పింది!

హోంజో బొటనవేలు సిరంజి మీద పడింది.

"ఆపండి!" ఇసురుగి ఒక్క దూకులో వచ్చి గొట్టాన్ని పిడికిట్లో మడిచేశాడు.

"ఎవరయ్యా నువ్వు? పిచ్చా?"

"అందులో ఉన్నది వేరే మందు. ఆయన్ని చంపేది." పిడికిలి వదల్లేదు అతను. "తెచ్చింది నేనే."

ల్యాబ్ నిజమేనంది. డిపోలోనే మార్చేశారు. ఎమర్జెన్సీ వార్డు నుంచి అసలు మందు తెప్పించి ఎక్కించాక కోత పెట్టారు. గాయంలోంచి తీసిన గాజ్ గుడ్డలు పెద్దగా తడవలేదు. బట్టతల మనిషి లిఫ్టు దగ్గర దొరికాడు. పోలీసులు వచ్చేదాకా అతని టై వదలకుండా పట్టుకున్నది మివాయే.

"చెప్పాను కదా అంకుల్! ఇంకెలా చెప్పాలి, పాట పాడనా?"

"మా రోజుల్లో పర్లేదంటే..."

"మీ రోజుల్లో అయితే ఆయన పోయేవాడు."

ఇసురుగి ఎవర్నైతే అనుమానించాడో ఆ పిల్లే నిజం చెప్పింది. రెప్ప వాల్చకుండా తను కాపలా కాసింది విషానికి. ముఠా వాళ్లు కూలిచ్చి పెట్టుకున్నా అంతకన్నా నమ్మకంగా మోసేవాడు దొరకడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

సాయంత్రం ఉత్సుమి కళ్లు తెరిచాడు. ఆయన భార్య ఇసురుగి ముందు నడుము వంచి దణ్ణం పెట్టింది.

"మా ఆయన ప్రాణం మీరు పెట్టిన భిక్షేనండీ."

ఇసురుగి ఆమెకన్నా కిందికి వంగాడు. ఆమె లేచినా అతను లేవలేదు. ఆ మొహం ఎత్తి ఎవరికి చూపించాలి?

"చూశారా," అంది ఆవిడ భర్త చెవిలో, "అంత పని చేసి కూడా ఎంత వినయమో!"